పన్నెండు డిగ్రీల బిట్టర్

నా భార్యకు బిట్టర్ ఇష్టం. బిట్టర్ అంటే ఇంగ్లండులో తాగే ఒక రకం ఏల్, బీరు లాంటిదే. రాగి రంగులో ఉంటుంది, నురగ తక్కువ, చేదు. ఈ వాక్యాన్ని నేను బంధువుల ముందు చాలా ఏళ్ళు అనలేదు. అనవలసిన అవసరం రాలేదు. ఆమె సంవత్సరీకం అయ్యాక వచ్చిన మొదటి పెత్రమాసకు ఆ అవసరం వచ్చింది.

పెత్రమాస, అంటే భాద్రపద అమావాస్య నాడు పోయినవాళ్ళకు ఇష్టమైనవి వండి, పటం ముందు ఆకులో పెట్టడం మా వైపు ఆచారం. మా మామగారికి మటన్‌తో పాటు విస్కీ క్వార్టర్ పెడతారు. మా చిన్నాయనకు చుట్ట పెట్టి, పక్కన అగ్గిపెట్టె కూడా మరవకుండా పెడతారు. ఆడవాళ్ళకు మాత్రం చీర, గాజులు, ఏదో ఒక తీపి. వాళ్ళకు నిజంగా ఏది ఇష్టమో ఎవరూ పెద్దగా ఆలోచించరు. నేను ఆలోచించనక్కర లేదు. నాకు తెలుసు. ఆమెకు ఆ రోజు ఒక గ్లాసు బిట్టర్ పెట్టాలి, అందరి ముందు పెట్టాలి, పన్నెండు డిగ్రీల దగ్గర పెట్టాలి. అంతకు మించి నేను చేయగలిగింది ఏమీ మిగల్లేదు కాబట్టి, దాన్ని సరిగ్గా చేయాలనుకున్నాను.

ఆమె పోయినప్పుడు వచ్చినవాళ్ళు చాలా మాటలు అన్నారు. దీపం ఆరిపోయిందన్నారు, ఇల్లు చీకటైందన్నారు. వాళ్ళ మనసు మంచిదే. కానీ ఆ మాటల్లో కొలవగలిగినది ఒక్కటీ లేదు. తర్వాత ఇలాంటి దుఃఖం గురించి రాసిన పుస్తకాలు కొన్ని తెచ్చుకుని చదివాను. పోలికలు ఎక్కువైన చోటల్లా పేజీ తిప్పేశాను. ఆమె కూడా అదే పని చేసి ఉండేది.

పెళ్ళైన కొత్తలో మేము ఇంగ్లండులోని యార్క్‌షైర్‌లో ఉన్నాం. ఆమె ఒక పాల ఫ్యాక్టరీ ల్యాబులో పనిచేసేది. శుక్రవారం సాయంత్రం తోటివాళ్ళతో పబ్‌కు వెళ్ళి ఆరెంజ్ జ్యూస్ తాగి వచ్చేది. ఒక శుక్రవారం వచ్చి, "ఇయ్యాల బిట్టర్ తాగి చూసిన. కాకరకాయ తిన్నట్టుంది," అంది.

"మరి ఎందుకు తాగినవ్?"

"కాకరకాయ ఎవరికైనా మొదటిసారే నచ్చుతదా?"

తర్వాత వారానికి ఒక గ్లాసు అలవాటైంది. పుస్తకం పట్టుకుని గంటసేపు తాగేది. రెండోది అడిగేది కాదు. నాకు మందు పడదు, రెండు గుక్కలకే తల నొస్తుంది. నేను పక్కన కూర్చుని టీ తాగేవాణ్ణి.

ఒకసారి ఆమె ఆ పబ్ యజమానిని అడిగి, ఏల్ పీపాలు ఉంచే నేలమాళిగ చూసి వచ్చింది. రాతి గోడలు, కిటికీ లేదు, వేసవిలోనూ చలికాలంలోనూ ఒకటే చల్లదనం. "పన్నెండు," అని నాకు చెప్పింది, ఏదో పరీక్ష ఫలితం చెప్పినట్టు. బీరంటే మంచులాంటిదే అనుకునే నాకు అప్పుడు విడమరచి చెప్పింది. ఏల్‌ను ఫ్రిజ్ చల్లదనంలో తాగితే నాలుక మొద్దుబారుతుంది, చేదు ఒక్కటే తెలుస్తుంది, దాని వెనక ఉన్న గింజ రుచి, పండు వాసన తెలియవు. గది వెచ్చదనానికి వస్తే తీపి పైకి తేలి, సారా వాసన ముక్కుకు తగులుతుంది. రెంటికీ మధ్య, ఎండాకాలం కుండలో నీళ్ళు ఎలా ఉంటాయో అలా ఉండాలి. గొంతుకు చల్లగా తెలియాలి, పళ్ళు జివ్వుమనకూడదు.

అన్ని ఏల్స్‌కూ ఒకే లెక్క కాదు. వేసవిలో తాగే లేత రంగువాటికి పది డిగ్రీలు చాలు. బిట్టర్‌కు పన్నెండు. చేదు తక్కువగా ఉండే నల్లటి మైల్డ్‌కూ, కాఫీ వాసన వచ్చే పోర్టర్‌కూ పదమూడు. క్రిస్మస్ రోజుల్లో తాగే ఘాటైన పాత ఏల్‌కు పద్నాలుగు, పదిహేను కూడా తప్పు కాదు. ఈ అంకెల మీద అక్కడివాళ్ళే వాదించుకుంటారు. ఆమె వాదించదు, థర్మామీటర్ తీస్తుంది. సుమారుగా అనే మాట ఆమెకు నచ్చదు.

కెనడా వచ్చాక ఆమెకు మిస్సిసాగాలో ఒక మందుల కంపెనీ క్వాలిటీ ల్యాబులో ఉద్యోగం దొరికింది. ఇక్కడ బీరు ఇచ్చే గ్లాసును కూడా ఫ్రీజర్‌లోంచి తీస్తారు. రెస్టారెంటులో ఆమె గ్లాసు ముందు పెట్టుకుని ఊరికే కూర్చుంటే, వెయిటర్ వచ్చి ఏమైనా తేడాగా ఉందా అని అడిగేవాడు. వేడెక్కడం కోసం చూస్తున్నానని చెప్పేది. అతను మర్యాదగా నవ్వి వెళ్ళిపోయేవాడు.

ఇల్లు వెతుకుతున్న రోజుల్లో ఏజెంటు నాకు పైన వంటగది చూపిస్తుంటే, ఆమె నేరుగా బేస్‌మెంటుకు దిగింది. ఇక్కడి ఇళ్ళకు ముందు మెట్ల కింద కాంక్రీటు గది ఒకటి ఉంటుంది, కోల్డ్ రూం అంటారు. ఆమె అందులోకి వెళ్ళి తలుపు మూసుకుని కాసేపు నిలబడి వచ్చింది. "ఇది తీసుకుందాం," అంది. వంటగది చూడనే లేదు. ఆవకాయ జాడీల కోసమని అందరికీ చెప్పింది. జాడీలు కూడా పెట్టింది, అది అబద్ధం కాదు. ఒక అర మీద ఆవకాయ, ఇంకో అర మీద ఏల్.

ఆ గదిని కనిపెట్టి ఉండడం నా పని. అక్టోబరులోనూ మే నెలలోనూ అది తనంతట తానే పన్నెండు దగ్గర ఉంటుంది. జనవరిలో మూడుకు, నాలుగుకు పడిపోతుంది, అప్పుడు సీసాలను బేస్‌మెంటు మెట్ల దగ్గరికి మార్చాలి. జులైలో ఇరవైకి పోతుంది, అప్పుడు ఫ్రిజ్‌లో పెట్టి, తాగడానికి ముందు తీసి బయట ఉంచాలి. ఎప్పుడు తీయాలో ఆమె నాకు వదిలేసింది.

"నువ్వు తాగవు గదా. తొందరపడవు. నీ చెయ్యి నమ్మొచ్చు," అనేది.

బంధువులు వచ్చినప్పుడు తాగేది కాదు. దాచడం కాదు, వాళ్ళకు అదంతా చెప్పే ఓపిక లేదనేది. నేనూ ఆమె తరఫున ఎప్పుడూ చెప్పలేదు.

కీమో మొదలయ్యాక ఆమె నోటికి ప్రతిదీ ఇనుము రుచి అనిపించేది. ఆ రోజుల్లోనే యార్క్‌షైర్ నుంచి వచ్చిన పాత స్నేహితురాలు ఒక సీసా తెచ్చింది. నా భార్య మొదటిసారి తాగిన బిట్టర్ అది, ఇక్కడ దొరకదు. అడుగున ఈస్టు మడ్డి పేరుకునే రకం, కాబట్టి పడుకోబెట్టకూడదు. అర చివర నిలబెట్టమని చెప్పి, నేను నిలబెట్టాక వచ్చి చూసుకుంది. "ఇప్పుడు తాగితే దండగ. నోరు బాగయ్యాక తాగుత," అంది. నోరు బాగవలేదు. నేను ఆ సీసాను కదపలేదు.

మా మరదలు, అంటే నా భార్య చెల్లెలు, దగ్గర్లోని వాన్ అనే ఊళ్ళో ఉంటుంది. పెత్రమాసకు వంట తను చేస్తానంది. వారం ముందు ఫోన్ చేసింది.

"మటన్, గారెలు, పచ్చిపులుసు. చీర నేను తెస్త. ఇంకేమన్న పెడ్దామా బావా?"

"బిట్టర్ పెడత."

"అక్క తాగేదా? గా బీరా?"

"అదే. గ్లాసులో పోసి."

"నీకు దండం పెడ్త బావా. మా అత్తమ్మ వస్తున్నది. గుడి ఫ్రెండ్స్‌ను గూడ పిలిచిన. అందరి ముందర మా అక్కను తాగుబోతును చేస్తవా?"

"మీ నాన్నకు క్వార్టర్ పెట్టినప్పుడు ఎవరూ అట్లా అనలేదు."

"నాన్న మగోడు."

తనే మళ్ళీ అంది, "పోనీ లోపల బెడ్రూంల పెట్టు. అక్కకు పెట్టినట్టు ఉంటది, ఎవరికీ కనపడదు."

"లేదు. పటం ముందే పెడత."

"తాగనోడివి నీకెందుకు బావా ఇంత పంతం?"

"నువ్వు వంట చెయ్. అది నేను చూసుకుంట," అన్నాను. తను ఫోన్ పెట్టేసింది. వంటకు రానని మాత్రం అనలేదు.

ఆ ఏళ్ళలో మా వీధిలో దాదాపు ప్రతి బేస్‌మెంటులోనూ చదువుకోవడానికి వచ్చిన పిల్లలే ఉండేవారు. మా దాంట్లో ఇద్దరు అమ్మాయిలు. ఒకరిది జగిత్యాల, ఒకరిది సిద్దిపేట. పగలు కాలేజీ, సాయంత్రం వాన్ ఊళ్ళో వేర్‌హౌస్ షిఫ్టు. నా భార్య ఉండగానే వచ్చారు. ఆమెకు లేవడం కష్టమైన రోజుల్లో జగిత్యాల అమ్మాయి పైకి వచ్చి తల దువ్వేది.

పెత్రమాస నాడే ఎంగిలిపూల బతుకమ్మ, ఆ పూల పండుగకు మొదటి రోజు. ముందు రోజు సాయంత్రం వాళ్ళిద్దరూ దుకాణాలన్నీ తిరిగి బంతిపూలు, చామంతులు బకెట్లకొద్దీ తెచ్చారు.

"అంకుల్, కోల్డ్ రూంల పూలు పెట్టుకోవచ్చా? రేపటిదాక ఫ్రెష్‌గ ఉండాలె," అని జగిత్యాల అమ్మాయి అడిగింది.

పెట్టుకోమన్నాను. వాళ్ళకంటే ముందు వెళ్ళి గోడకు తగిలించిన థర్మామీటర్ చూశాను. పన్నెండున్నర. ఈసారి నేను చేయాల్సింది ఏమీ లేదు, ఆ గదే చూసుకుంటోంది. సీసాను ముట్టుకోకుండా పైకి వచ్చాను. నిజం చెప్పాలంటే, చాలా నెలల తర్వాత ఆ సాయంత్రం నాకు తేలిగ్గా అనిపించింది.

మర్నాడు వాన. మరదలు పొద్దున్నే గిన్నెలతో దిగింది. పటం శుభ్రం చేసింది, ఆకు కడిగి వేసింది. ఆకు పక్కన నేను పెట్టిన ఖాళీ గ్లాసు చూసి, "తుడిచి మెరిపించినవ్. మా అక్క ఉన్నప్పుడు గిన్నెలు గిట్ల తోమితే ఎంత సంబరపడేదో," అంది.

"రోజూ నేనే తోమేటోణ్ణి."

"తెలుసు తియ్. అక్క చెప్పేది."

వంట అయ్యేసరికి పదకొండు దాటింది. పన్నెండు తర్వాత చుట్టాలొస్తారు, మధ్యాహ్నం దాటకుండా ఆకు పెట్టాలి. సీసా తేవడానికి కిందికి వెళ్ళాను. కోల్డ్ రూం నిండా పూల బకెట్లు. అర చివర సీసా లేదు. అది నిలబడ్డ చోట దుమ్ములో గుండ్రటి గుర్తు మాత్రం ఉంది.

పైకి వచ్చి మరదలిని అడిగాను. "సీసా ఎక్కడ పెట్టినవ్?"

తను గరిటె పట్టుకునే తిరిగింది. "నేనా? నేను కిందికే పోలే బావా."

"మరి ఎవరు తీస్తరు?"

"నాకిష్టం లేదన్న. నిజమే. ఇష్టం లేకుంటే దాస్తనా? అక్కది దాస్తనా?" కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

మా మాటలు విని జగిత్యాల అమ్మాయి మెట్ల మీదికి వచ్చింది. "అంకుల్, అది నేను తీసిన. నిన్న బకెట్లు పెడుతుంటే తగుల్తదని మా రూంల పెట్టుకున్న. పట్టుకుంటే చల్లగ లేకుండె. ఇయ్యాల ఆంటీకి పెడ్తున్నరని మీ మాటల్ల విన్న, చల్లగుంటే మంచిగుంటదని ఇందాక మా ఫ్రీజర్ల పెట్టిన."

నేను వాళ్ళ ఫ్రీజర్ దగ్గరికి వెళ్ళాను. పరాటా ప్యాకెట్ల కింద, బఠానీల పక్కన అడ్డంగా పడుకోబెట్టి ఉంది. ఏల్ గడ్డకడితే అయిపోయినట్టే. కరిగాక రుచి విరిగిపోతుంది, ఈస్టు చచ్చిపోతుంది, కొన్నిసార్లు సీసానే పగులుతుంది. ఇలాంటి సీసా ఇంకోటి లేదు. నోరు బాగయ్యాక తాగుతానని ఆమె పెట్టుకున్నది ఇదొక్కటే. బయటికి తీసి కిటికీ దగ్గర వెలుతురుకు పెట్టి చూశాను. పైన తెల్లగా మంచు పట్టింది కానీ లోపల ద్రవం కదులుతోంది.

"గడ్డకట్టలేదు," అన్నాను.

ఆ అమ్మాయి గోడకానుకుని కూర్చుండిపోయింది. "సారీ అంకుల్. మా హాస్టల్ల అందరం అట్లనే పెడుతుండే."

"బీరైతే అట్లనే పెడతరు. ఇది వేరే," అన్నాను. అంతకంటే ఎక్కువ చెప్పే సమయం లేదు.

సీసాను పైకి తెచ్చి సింకులో నిలబెట్టాను. సున్నా దగ్గర ఉండి ఉంటుంది. ఊరికే బల్ల మీద పెడితే పన్నెండుకు రావడానికి గంటకు పైనే పడుతుంది. వేడినీళ్ళలో పెడితే గాజు దగ్గర వేడెక్కి నడుమ చల్లగానే ఉంటుంది. లోతు గిన్నెలో కుళాయి నీళ్ళు పట్టి అందులో నిలబెట్టాను. నీళ్ళు వెంటనే చల్లబడ్డాయి. పారబోసి మళ్ళీ పట్టాను.

మరదలు కాసేపు చూసింది. తర్వాత చేతులు కడుక్కుని వచ్చింది. "జరుగు బావా. పాలు తోడుపెట్టడం రానోడివి నీకేం తెలుస్తది. ఎంత వెచ్చగ కావాలె? గోరువెచ్చనా?"

"అంత వద్దు. కుండల నీళ్ళంత."

తను నీళ్ళలో చిటికెనవేలు పెట్టింది. రోజూ పాలలో పెట్టి చూసే వేలే. కొంచెం వేడినీళ్ళు కలిపింది, మళ్ళీ చూసింది, సీసాను మెల్లగా తిప్పబోయింది. అడుగున ఈస్టు లేస్తుంది, తిప్పొద్దన్నాను. తల ఊపి, నీళ్ళను మాత్రం చేత్తో సీసా చుట్టూ తిప్పుతూ నిలబడింది.

"మా నాయినమ్మ గూడ గిట్లనే," అంది కాసేపటికి. "పొద్దటి కల్లు కుండలనే ఉండాలె. ఒకసారి మా అన్న ఎండకు బాగుంటదని ఫ్రిజ్‌ల పెట్టిండు. తాగలే. నోట్లె పోసుకుని ఉమ్మేసి, సచ్చిన కల్లు తెచ్చినవురా అన్నది."

నేను నవ్వాను. ఆ కథ నా భార్య కూడా చెప్పేది.

మరదలు నవ్వలేదు. నీళ్ళలో చెయ్యి ఆగింది. "ఆమె పోయినంక పెత్రమాసకు కల్లే పెట్టేటోళ్ళు. ముంతల. నాన్ననే పెట్టేటోడు. వాకిట్ల ఊరోళ్ళందరు ఉంటుండిరి."

తను మళ్ళీ నీళ్ళు మార్చింది.

బెల్ మోగింది. మరదలి అత్తగారు, గుడి స్నేహితురాళ్ళు ముగ్గురూ ఒకే కారులో వచ్చారు. తడి గొడుగులు, చెప్పులు, పలకరింపులు. సిద్దిపేట అమ్మాయి వాళ్ళను కూర్చోబెట్టింది. మరదలు సీసాను తువ్వాలుతో తుడిచి, మెడ దగ్గరా నడుమ దగ్గరా చేతి వెనక వైపు ఆనించి చూసింది. "అయినట్టుంది," అంది. అని, నేను సీసా మూత తీయబోతుంటే నా చెయ్యి పట్టుకుంది. "అయినట్టుందంటే కాదు. అక్కకు సుమారు నచ్చదు. పోసి కొలువు."

గ్లాసును వంచి మెల్లగా పోశాను, అడుగుది సీసాలోనే వదిలేశాను. పడుకోబెట్టినందువల్ల ఈస్టు కొంత లేచింది, ఏల్ కొంచెం మబ్బుగా వచ్చింది. ఆమె అయితే ఒప్పుకునేది కాదు. థర్మామీటర్ పెట్టాను. పది.

"ఆకు చల్లారుతుందమ్మా," అని హాల్లోంచి అత్తగారు పిలిచారు.

"వస్తున్నం అత్తమ్మా," అంటూ మరదలు గ్లాసును రెండు చేతుల మధ్య పట్టుకుంది. ఇద్దరం ఆ అంకెనే చూస్తూ నిలబడ్డాం. పదకొండు దగ్గర చాలాసేపు ఆగింది. తర్వాత పన్నెండు.

గ్లాసు నేను తీసుకోబోయాను. తను ఇవ్వలేదు. అందరి ముందునుంచి నడిచి వెళ్ళి, వంగి, పటం ముందు ఆకు పక్కన పెట్టింది. చీర, గాజులు ఆ పక్కనే ఉన్నాయి.

"అదేంది బిడ్డా? షర్బతా?" అని అత్తగారు అడిగారు.

"కాదత్తమ్మా. ఏల్. బీరు లాంటిది. మా అక్క తాగేది, వారానికొకటి."

స్నేహితురాళ్ళలో ఒకావిడ చేతిలోని ఫోన్ వైపు చూసుకుంది. అత్తగారు కళ్ళద్దాలు సవరించుకుని కొంచెం ముందుకు వంగారు.

"మరి నురగ లేదేంది?"

"ఆ రకానికి తక్కువే ఉంటది పెద్దమ్మా," అన్నాను.

"ఊఁ," అని ఆవిడ వెనక్కి జరిగి కూర్చున్నారు. నేను ఆకు చుట్టూ నీళ్ళు తిప్పి దండం పెట్టాను. ఆచారం ప్రకారం, పోయినవాళ్ళు వచ్చి తినే వీలుగా, అందరం బయట వరండాలోకి వచ్చి, తలుపు దగ్గరగా వేసి నిలబడ్డాం. మా కాళ్ళ కింద కోల్డ్ రూం. వాన సన్నబడింది.

భోజనాలయ్యాక ఆకులో పెట్టినవి తలా కొంచెం పంచుకున్నాం. గ్లాసు ఎవరికివ్వాలో తెలియక చేతిలో పట్టుకుని నిలబడితే, మరదలు తీసుకుంది. ఒక గుక్క తాగి ముఖం చిట్లించింది.

"చేదు."

"మొదటిసారి అంతే."

"అక్క గూడ గిట్లనే అన్నదా?"

"కాకరకాయ అన్నది."

తను ఇంకో గుక్క తాగింది, ఇంకొంచెం నెమ్మదిగా. గ్లాసు ఖాళీ అయ్యేదాకా నా పక్కనే కూర్చుంది. నేను తాగలేదు. నా పని అది కాదు. సాయంత్రం అమ్మాయిలిద్దరూ బతుకమ్మ పేర్చుకుని వెళ్ళిపోయాక, కోల్డ్ రూం తుడిచి, పూరేకులు ఏరి, సీసా ఉన్న చోట దుమ్ము కూడా తుడిచేశాను.

తర్వాతి వారం మరదలు ఫోన్ చేసింది. వెనకాల దుకాణం చప్పుడు.

"బావా, ఇక్కడ ఇంగ్లండుదే నల్లదొకటున్నది. పోర్టర్ అని రాసుంది. ఘాటుది ఇంకోటున్నది. ఇప్పుడు కొని పెడితే వచ్చే పెత్రమాస దాక ఆగుతదా?"

"పోర్టర్ ఆగకపోవచ్చు. ఘాటుది ఆగుతది. నిలబెట్టి ఉంచాలె."

"మా ఇంట్ల గూడ కోల్డ్ రూం ఉన్నది గదా. నిండ పాత బూట్లే. అన్ని తీసేస్త. ఎంతల ఉంచాలె?"

"పన్నెండు, పదమూడు. జనవరిల బాగా పడిపోతది, అప్పుడు లోపలికి మార్చాలె. నేను చెప్త."

"నాకు వేలు పెడితే తెలుస్తది తియ్."

"తెలియదు," అన్నాను. శనివారం వచ్చి థర్మామీటర్ బిగించి వెళ్తానని చెప్పాను.